ముందు పడవ కడుగు, తర్వాత కట్లెట్ తిను

ఏటి ఒడ్డున క్లబ్బు కట్టుకుని, ఏటి వైపు అద్దాలు బిగించి, ఎండ పడుతోందని ఆ అద్దాలకు పరదాలు దింపి, లోపల ఏసీ వేసుకుని, గోడ మీద టీవీలో క్రికెట్ చూస్తూ భోంచేసేవాణ్ణి ఏమనాలి నాయనా? ఆ టీవీ ఇంట్లోనూ ఉందిగా! ఫలానా క్లబ్బని పేరెందుకులే, ఇప్పుడు ఏ ఊళ్ళో నీళ్ళ పక్కన కూర్చోబెట్టినా ఇదే వరస. మెనూ కార్డు ఏదయ్యా అంటే బల్ల మీద అంటించిన నల్ల గళ్ళ బొమ్మ చూపించి ఫోన్ పెట్టమంటాడు. నా ఫోన్ నొక్కితే మోగుతుంది, అంతే. దానికి వంటల పేర్లు తెలియవు.

మా రోజుల్లో మద్రాసులో అడయారు ఒడ్డున బోట్ క్లబ్ అంటే ఒక హోదా. 1867లో పెట్టిన క్లబ్బది. పక్కనున్న రోడ్డుకు దాని పేరే వచ్చింది. కొలంబో వాళ్ళతో తెడ్ల పందేలు 1898లో మొదలయ్యాయి. నువ్వు అడగబోయేది తెలుసు, నేనేమీ మెంబర్ని కాదు. మా మేనమామ పనిచేసే కంపెనీలో పెద్ద ఆఫీసరుకు మెంబర్‌షిప్ ఉండేది. ఆయనకు మామయ్య అతిథి, నేను అతిథికి అతిథిని. అయినా వెళ్ళిన నాలుగు సార్లూ నాలుగొందల సార్లకు పెట్టు. మీరు వారం వారం వెళ్ళి ఏం తిన్నారో ఫోన్లో ఫొటో చూసుకుంటే గాని గుర్తురాదు.

తెల్లారకముందే కుర్రాళ్ళు పడవలు దింపేవాళ్ళు. ఎండ ఎక్కేలోగా తిరిగొచ్చేవాళ్ళు. వచ్చీ రాగానే తిండి మీద పడితే ఒప్పుకునేవాళ్ళు కాదు. పడవను బోర్లించి భుజాల మీద మోసుకొచ్చి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, షెడ్డులో దాని చోట దాన్ని పెట్టాకే కుర్చీ. అప్పుడవి చెక్క పడవలు, బరువుండేవి. అప్పటికి కుర్రాళ్ళకు ఎంత ఆకలేసేదంటే, ఆమ్లెట్టు ప్లేటు బల్లకు తగిలిన చప్పుడు పూర్తికాకముందే ఖాళీ. ఇప్పుడు కార్బన్ పడవలు. బాగా తేలికట, నీళ్ళలో దూసుకుపోతాయట. దూసుకుపోయి చేసేదేముంది, ఒడ్డుకొచ్చి డబ్బాలో పొడీ నీళ్ళూ పోసి గిలకొట్టుకుని తాగడమేగా! అదే టిఫినట. దాని మీద ఎన్ని గ్రాముల ప్రొటీనో రాసుంటుంది. మా ఆమ్లెట్టు మీద ఏమీ రాసుండేది కాదు, పైన కాస్త మిరియాల పొడి కనపడేది.

మామయ్యది తెనాలి. క్లబ్బు కట్లెట్టంటే ప్రాణం, కాని చప్పగా ఉంటుందని ఫిర్యాదు. కోటు జేబులో హార్లిక్స్ చిన్న సీసా ఉండేది, అందులో అత్తయ్య పెట్టిన ఆవకాయ. అటూ ఇటూ చూసి, న్యాప్‌కిన్ చాటున మూత తీసి, చెంచా మొనతో కట్లెట్టు పక్కన ఇంత వేసేవాడు. ఇంగువ వాసన దాగుతుందా! తలపాగా బేరరు వచ్చి వెనకాల నిలబడేవాడు. అయిపోయాం రా అనుకునేవాణ్ణి. ఆయన వంగి మెల్లిగా, "కొంచెం వెన్న తెమ్మంటారా సార్?" అనేవాడు. వెన్నా ఆవకాయా కలిపిన ఆ కట్లెట్టు ముందు మీ క్వినోవాలూ అవకాడోలూ దిగదుడుపే. ఇప్పుడు అదే పని చేస్తే ఫ్యూజన్ అని పేరుపెట్టి ఆరొందలు లాగుతారు.

మందు సంగతి చెప్పలేదేమా అని చూస్తున్నావు కదూ. చెప్తా. 1948 నుంచి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం. తాగాలంటే పర్మిట్, పర్మిట్ కావాలంటే ఆరోగ్యానికి మందు అవసరమని డాక్టరు కాగితం. ఆ లెక్కన ఊళ్ళో గుండ్రాయిలా ఉన్న పెద్దమనుషులు చాలామంది కాగితం మీద రోగులే. 1971లో కరుణానిధి ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది, రోగులందరికీ నయమైంది. 1974లో మళ్ళీ పెట్టారు, జబ్బు తిరగబెట్టింది. అంత కష్టపడి సంపాదించిన పెగ్గు గనక చీకటి పడ్డాక మొదలుపెట్టి, ఐస్ కరిగి, మందు పలచబడి, కబుర్లయిపోయేదాకా అదొక్కటే. పర్మిట్ లేని నాబోటివాడికి నిమ్మకాయ సోడా, ఉప్పేసి వేయించిన వేరుశెనగ గుళ్ళు. ఇప్పుడో? గ్లాసులో ఆకు గుచ్చి, పైన పొగ వదిలి తెస్తారు. మా రోజుల్లో గ్లాసులోంచి పొగొస్తే బకెట్టుతో నీళ్ళు తెచ్చేవాళ్ళు.

ఏటి గాలి బ్రహ్మాండంగా ఉండేదని చెప్పబోయాను గాని, మా ఆవిడ ఈ కాగితం చదువుతుంది, ఊరుకోదు. సరే, వాసన ఉండేది. ఎండాకాలంలో అడయారు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటవేసి దారి మూసుకుంటుంది. పోటూ పాటూ ఉండదు, నీళ్ళు నిలవుండిపోతాయి, ఊరి మురుగంతా అందులోనే. గాలి తిరిగితే మామయ్య సిగరెట్ ముట్టించేవాడు, అది అప్పటి ఎయిర్ ఫ్రెషనర్. అయినా ముఖం ఏటి వైపే తిప్పి కూర్చునేవాళ్ళం, అద్దాల చాటున దాక్కునేవాళ్ళం కాదు.

ఇంకా నిజం చెప్పమంటే, అప్పట్లో చాలా క్లబ్బుల్లో ఆడవాళ్ళకు బారు గదిలోకి అడుగుపెట్టే హక్కుండేది కాదు. పంచె కట్టిన మగవాణ్ణీ గేటు దగ్గరే ఆపేవాళ్ళు. ఈ రోగం మొన్న మొన్నటిదాకా ఉంది. 2014లో చెన్నైలో ఒక క్లబ్బు పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే వెనక్కి పంపింది. దాంతో అదే ఏడాది తమిళనాడు చట్టం చేసి క్లబ్బుల ఆటకట్టించింది. మామయ్య బతికుంటే ఆ వేడిలో టై బిగించుకోకుండా పంచెతోనే వెళ్ళి కూర్చునేవాడు, ఆవకాయ మాత్రం ఎక్కడ పెట్టుకునేవాడో మరి. ఇప్పుడు మా మనవరాలు తెడ్డు వేస్తుంది. నలుగురాడపిల్లలు ఒక పడవ ఎత్తుకుని పోతుంటే చూశాను. చక్కగానే వేస్తున్నారు, పడవ కడిగాకే తింటున్నారు కూడా. ఇది మాత్రం దానికి చెప్పకు, నెత్తికెక్కుతుంది.

నేనెప్పుడైనా తెడ్డు పట్టానా అని అడక్కు. మంచి తిండి గురించి మాట్లాడ్డానికి గరిట పట్టక్కర్లేదు, ఇదీ అంతే.

కాబట్టి అబ్బాయ్, ఈ ఆదివారం నువ్వు ఆ క్లబ్బుకు వెళ్తుంటే నన్నూ తీసుకెళ్ళు. ఏసీలో వద్దు, బయట ఏటి వైపు బల్ల చెప్పు. పొగ గ్లాసొకటి ఎలా ఉంటుందో చూస్తాను, తిట్టాలన్నా రుచి తెలియాలి కదా. ఆవకాయ సీసా నేను తెస్తాను. బిల్లు నువ్వు కట్టు, ఫోన్లో డబ్బు కట్టడం నాకు చేతకాదు.