కరెంటు కచేరీ

మనం పాట వింటున్నామనుకుంటాం. అదొక భ్రమ. స్పీకర్లోంచి వచ్చేదంతా కరెంటు ఆఫీసు వారి సరుకే. గోడలోంచి వచ్చిన కరెంటుని గాయకుడి గొంతు ఎలా చెబితే అలా ఎక్కువా తక్కువా వదలడమే ఆంప్లిఫయర్ చేసే పని. ఆ సరుకులోనే రొద ఉంటే ఘంటసాల మాత్రం ఏం చేస్తారు?

నేను కట్టుకున్న ప్రీయాంప్లిఫయర్‌కి ఆ రొద పుట్టుకతోనే వచ్చింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. బ్రిడ్జి రెక్టిఫయర్ ఆ ఊపులో రెండు సగాల్నీ ఒకే వైపుకి తిప్పేస్తుంది కాబట్టి 50 కాస్తా 100 అవుతుంది. 100 హెర్ట్జులంటే సంగీతజ్ఞుల లెక్కలో కింది స్థాయిలో అయిదు శ్రుతికీ అయిదున్నరకీ మధ్యన ఎక్కడో ఉంటుంది. బాలమురళిగారి రికార్డు పెడితే మా ఇంట్లో రెండు తంబూరాలు వినబడేవి. ఒకటి ఆయనది, రెండోది మా ట్రాన్స్‌ఫార్మర్‌ది. రెండోది ఎవరితోనూ శ్రుతి కలిపే రకం కాదు.

హైఫై పిచ్చి బాగా ముదిరిన మిత్రుడొకాయన వచ్చి, విని, "పవర్ కేబుల్ మార్చండి" అని తేల్చాడు. వందల కిలోమీటర్లు అల్యూమినియం తీగల మీద, కాకుల కాళ్ళ కింద నడిచొచ్చిన కరెంటు, ఆఖరి గజం వెండిపూత తీగలో నడిస్తే పునీతమవుతుందట. ఆ కేబుల్ ధర విన్నాక నాకు రొద కొంచెం తగ్గినట్టే అనిపించింది.

నేను నమ్ముకున్నది వోల్టేజిని కదలకుండా పట్టి ఉంచే రెగ్యులేటర్ని. కాయితం మీద జాబితా రాసుకున్నాను: బీడీ 139 - రెండు, జీనర్ 13 వోల్టులు, 560 ఓముల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్. మా ఆవిడ మొదటి పంక్తి దగ్గరే ఆగిపోయి, "ఈ వయసులో ఇదేం అలవాటండీ?" అంది.

కోఠీ గుజరాతీ గల్లీలో కౌంటర్ వెనకాల కుర్రాడు జాబితా చూసి జాలిపడ్డాడు. "గివన్ని ఎందుకు సార్, 7812 తీస్కోండి. అన్ని అండ్లనే ఉంటయ్." అతను చెప్పింది అక్షరాలా నిజం. షార్ట్ అయితే తట్టుకోవడం, వేడెక్కితే ఆగిపోవడం, అన్నీ ఆ మూడు కాళ్ళ రెడీమేడ్ రెగ్యులేటర్ ముక్కలోనే ఉంటాయి. అన్నీ దాంట్లోనే ఉంటే ఇక నేనెందుకు?

పనితీరు చెబుతాను. ఫిల్టర్ కెపాసిటర్ మీద 20 వోల్టులు ఆ 100 హెర్ట్జుల అలలతో సహా ఉంటాయి. రెసిస్టర్ ద్వారా జీనర్‌కి ఓ 12 మిల్లీయాంపులు పంపిస్తే, అది 13 వోల్టుల దగ్గర భీష్మించుకు కూర్చుంటుంది. బీడీ 139 ట్రాన్సిస్టర్ బేస్‌ని దానికి కలపాలి. బేస్ మామగారు, ఎమిటర్ ఇల్లరికపు అల్లుడు. మామగారు 13 అంటే అల్లుడు 12.4 అంటాడు, ఎప్పుడూ ఓ అర వోల్టు పైచిలుకు తగ్గే మాట్లాడతాడు. బరువంతా మోసేది మాత్రం అల్లుడే. మామగారి మీద పడేది అందులో ఏ నూరో వంతో.

జీనర్ సంగతి ఇంకా తమాషా. క్లారెన్స్ జీనర్ అనే భౌతికశాస్త్రవేత్త 1934లో వివరించిన ప్రభావం పనిచేసేది సుమారు 5 వోల్టుల లోపు డయోడ్లలో. నా 13 వోల్టుల దాంట్లో జరిగేది అవలాంచ్ బ్రేక్‌డౌన్, అది వేరే వ్యవహారం. సన్మానం ఒకరికి, శ్రమ ఒకరిది కావడం మనకి కొత్తేమీ కాదు. అయితే ఈ అవలాంచ్‌లో ఎలక్ట్రాన్లు పరమాణువుల్ని గుద్ది కొత్త ఎలక్ట్రాన్లని విడిపిస్తుంటాయి. ఆ తొక్కిసలాటలో 'సుయ్' మనే సన్నని చప్పుడొకటి పుడుతుంది. ఆడియో వాళ్ళకి అది గిట్టదు. జీనర్ పక్కన 100 మైక్రోఫారడ్లు పెట్టేది అందుకే.

జీనర్ లోపలి నిరోధం ఏ పది ఓములో, ఎదుట 560. కాబట్టి అల యాభయ్యో వంతుకి పడిపోతుందని లెక్క. లెక్క తప్పలేదు. రికార్డు పెట్టి, వాల్యూం పెంచి, మా ఆవిణ్ణి పిలిచాను. శ్రద్ధగా విని, "ఇన్నాళ్ళూ తెలియలేదు కానీ, మన ఫ్రిజ్ ఎంత చప్పుడు చేస్తోందండీ!" అంది.

మీ ఇంట్లోనూ రొద ఉంటే ముందు అది 50దో 100దో చూసుకోండి. 50ది అయితే ఎర్తు వైరింగులోనో, కవచం లేని తీగలోనో తేడా ఉండొచ్చు, దానికి రెగ్యులేటర్ మందు కాదు. 100ది అయితే కేబుల్ జోలికి పోకుండా కోఠీ వెళ్ళండి. బీడీ 139లు మాత్రం రెండు కొనుక్కోండి. అవుట్‌పుట్ ఎక్కడైనా షార్టయితే, ఫ్యూజు పోకుండా కాపాడటానికి మొదటిది తన ప్రాణం ఇచ్చేస్తుంది.