ఇరవై నిమిషాల దారికి వారం పెట్టుకోండి

ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు బయల్దేరే ముందు చాలామంది చేసే మొదటి పని దూరం కొలవడం. మీరు ఆ పని చెయ్యొద్దు. నేపాల్‌లోని మంథలి విమానాశ్రయం నుంచి, నడక మొదలయ్యే లుక్లాకు గాలిలో దూరం 75 కిలోమీటర్లు కూడా లేదు, ప్రయాణం సుమారు 20 నిమిషాలు. లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్క నమ్ముకుని ఖాట్మండు నుంచి ఇంటికి టికెట్టు మర్నాటికే కొనుక్కున్నవాళ్ళు లుక్లా లాడ్జీల్లో మబ్బు వంక చూస్తూ కూర్చుంటారు. నా సలహాలు తలకిందులుగా కనిపిస్తాయని తెలుసు. అయినా వినండి.

విమానం రద్దయితే సంతోషించండి. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. ఒక కొసన లోయ, మరో కొసన కొండ గోడ. పైలట్ కంటితో చూసుకునే దిగాలి. చివరి క్షణంలో వద్దనుకుని మళ్ళీ పైకి లేచి చుట్టి రావడానికి చోటు లేదు. రన్‌వే కూడా వాలుగా ఉంటుంది: దిగే విమానం ఎగువకు ఎక్కుతూ ఆగుతుంది, లేచే విమానం పల్లానికి పరుగెడుతుంది. మధ్యాహ్నం కాకముందే గాలి, మబ్బు కమ్ముకుంటాయి. అలాంటి చోట ‘ఇవాళ వద్దు’ అన్న పైలట్‌కు దణ్ణం పెట్టాలి. ‘డబ్బు కట్టాం కదా’ అని కౌంటర్ దగ్గర కేకలేసే గుంపులో దయచేసి చేరకండి.

విమానాశ్రయం దగ్గరగా ఉందని ఖాట్మండు నుంచే ఎక్కాలని పట్టుబట్టకండి. రద్దీ నెలల్లో లుక్లా విమానాలు ఎక్కువగా మంథలి నుంచే నడుస్తాయి. అక్కడికి చేరాలంటే అర్ధరాత్రి దాటాక ఖాట్మండులో జీపెక్కి, నాలుగైదు గంటలు ఘాట్ రోడ్డు మీద కుదుపులు తినాలి. ఒళ్ళు హూనమవుతుంది, నిజమే. కానీ గాలిలో దూరం తగ్గితే ఆ కొద్దిపాటి ఉదయపు వేళలోనే విమానం ఎక్కువసార్లు తిరగగలదు, మీ వంతు వచ్చే అవకాశం పెరుగుతుంది.

లుక్లా నుంచి తిరుగు ప్రయాణానికి, హైదరాబాద్ విమానానికి మధ్య మూడు రోజులు ఖాళీ ఉంచండి. ఇందులో బేరం లేదు.

ఇక నా అసలు సలహా, ఇంట్లోవాళ్ళు పిచ్చి అనేది: అసలు విమానమే ఎక్కకండి. ఖాట్మండు నుంచి బస్సులో జిరి అనే ఊరికి వెళ్ళి, అక్కణ్ణుంచి లుక్లా వైపు నడవండి. దాదాపు వారం పడుతుంది. మంథలి ఎత్తు 500 మీటర్ల లోపు, లుక్లా 2,800 పైన. ఆ తేడాను ఇరవై నిమిషాల్లో దాటించి ఊపిరితిత్తులను సర్దుకోమంటే ఎలా? నడిచి వెళితే 3,500 మీటర్లు దాటిన లంజురా కనుమ ఎక్కి దిగేసరికి ఒళ్ళు కొండకు అలవాటు పడుతుంది. ఇప్పుడు జీపు దారి పడ్డచోట కూడా కాలినడకనే సాగండి.

1953లో ఎవరెస్ట్ శిఖరాన్ని తొలిసారి ఎక్కిన టెన్జింగ్, హిల్లరీ కూడా అక్కడికి ఖాట్మండు లోయ నుంచి నడిచే వెళ్ళారు. లుక్లాలో రన్‌వే వేసింది ఆ తర్వాత పదకొండేళ్ళకు, 1964లో.