నడకదూర పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఆంధ్రప్రదేశమున 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వెలువడెను. ప్రాథమిక పాఠశాలలలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్ళకు తరలించుట దాని సారము. అంతకు ముందటి ఏడు ఈ హద్దు 250 మీటర్లే. కొత్త బడి దారి తెలియక గుమ్మములో నిలిచిన పాపతో అధికారి పలికిన పలుకులివి.

మూడు నాలుగైదు చదువు ముద్దుపాప!
వేయి మీటర్ల లోపున వెలయు బడికి
నడచి పోవమ్మ రేపటినాటినుండి
పటము జూచితిమీ దారి భద్రమగును.

ప్రతిపదార్థము:

మూడు నాలుగైదు చదువు = ఆ మూడు తరగతులలో చదువుచున్న; (ఒకటి, రెండు తరగతులవారు పాత బడిలోనే ఉందురని ధ్వని. నిన్నటిదాకా అక్క చెయ్యి పట్టుకొని నడిచిన తమ్ముడు రేపటినుండి ఒంటరి.)

ముద్దుపాప = ఓ చిట్టితల్లీ; (ఈ లాలన కవిదే, జీవోలో లేదు.)

వేయి మీటర్ల లోపున = కిలోమీటరు దాటని చోట; (మ్యాపుపై స్కేలు పెట్టి కొలిచినచో, అని అధ్యాహారము. కాలువ దాటుటకు వంతెన దాకా పోయి మరల వెనుకకు వచ్చు నడక ఇందు చేరదు.)

వెలయు బడికి = ఒప్పారెడి హైస్కూలుకు;

నడచి = కాలినడకన; ("ఆటోనెక్కి" అని పాఠాంతరము కలదు. గణము చెడుటయే గాక, ఛార్జీ ఎవరిదో తేలనందున పరిహరించితిమి.)

పోవమ్మ = వెళ్ళు తల్లీ;

పటము జూచితిమి = మ్యాపు చూచినాము; (దారి చూచినామని అనలేదు.)

ఈ దారి భద్రమగును = ఈ త్రోవ క్షేమమైనది కాగలదు. (ఇప్పటికి కాలేదని భావము. "జూచితి, మీ దారి" అని విడదీయువారును కలరు. వారి మతమున పటము సర్కారుది, దారి తల్లిదండ్రులది.)

అలంకారము: స్వభావోక్తి అని అధికారులు, అతిశయోక్తి అని తల్లులు.

శంక: కిలోమీటరు కూడ ఒక దూరమేనా? మా కాలమున మూడు కోసులు నడువలేదా?

సమాధానము: ఆ కాలమున నాలుగు వరుసల హైవే లేదు. డివైడరు సందులో నిలిచిన పాప కంటికి ఎదుటి లారీ చక్రమే ఆనును; డ్రైవరు కంటికి పాప జడ రిబ్బను సైతము ఆనదు. విద్యాహక్కు చట్టము క్రింద 2010లో వచ్చిన కేంద్ర నియమములలో ఆరవది ఈ సంగతిని ముందే ఊహించినది. ఐదో తరగతి వరకు నడకదూరమున, కిలోమీటరు లోపల బడి నెలకొల్పవలెను. వరదలున్నచోట, రోడ్లు లేనిచోట, ఇంటినుండి బడికి వచ్చు దారి పసివారికి అపాయమైనచోట ఆ హద్దును ఇంకను కుదించవలెను.

తాత్పర్యము: నియమమునందు క్రియ నెలకొల్పుట, కర్త ప్రభుత్వము. పద్యమునందు క్రియ పోవుట, కర్త ఎనిమిదేళ్ళ పాప. కిలోమీటరు అదే, మోయు భుజము మారెను. 2025లో ఆ జీవో పోయి కొత్త ఉత్తర్వులు వచ్చినను బడుల సర్దుబాటు ఆగలేదు గనుక ఈ వ్యాఖ్యకు ఇంకను పని కలదు. హద్దులు గీయు అధికారి ఉదయము బడిగంటకు ముందు మూడో తరగతి బిడ్డ చెయ్యి పట్టుకొని ఆ దారిని నడచి, రోడ్డు దాటి, అటుపిమ్మట సంతకము చేయునది. అట్టివారికే "చూచితిమి" అను మాట చెల్లును.