లంగరేసిన కాపురం

కెనడాలోనో, ఇంగ్లండులోనో, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనో చలి ముదిరే వేళకు ఒక తరహా దంపతులు ఇంటికి తాళం వేసి కరీబియన్ దీవులకు బయల్దేరతారు. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. ఆయన ఏదో పెద్ద హోదా వెలగబెట్టి రిటైరై ఉంటాడు. ఆవిడ తన ఉద్యోగమూ ఇల్లూ పిల్లలూ అన్నీ చక్కబెట్టుకొచ్చి, పగలల్లా ఇంట్లోనే తిరిగే ఈ పెద్దమనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక సతమతమై ఉంటుంది. వాళ్ల 12 మీటర్ల తెరచాప పడవ గ్రెనడా దీవి ఒడ్డున ఇనుప ఊతాల మీద నిలబడి ఎదురుచూస్తుంటుంది. ఇక ఏప్రిల్ దాకా మకాం అందులోనే. ఎందుకండీ అంటే విశ్రాంతికి అంటారు. తక్కిన మాటలన్నీ నమ్మొచ్చు గానీ ఈ ఒక్కటీ నమ్మడానికి లేదు. చేతినిండా పని కోసమే వీళ్లు అంతదూరం పోతారు. పదవి పోయిన మనిషి సొంత డబ్బు పోసి మళ్లీ కొనుక్కున్న ఉద్యోగమే ఆ పడవ.

రుజువులు కావాలంటే వాళ్ల దినచర్య చాలు. పొద్దున్నే వీహెచ్‌ఎఫ్ రేడియో ముందు కూర్చోవాలి. రేవులోని పడవలవాళ్లంతా అందులో హాజరు పలుకుతారు, వాతావరణం వింటారు, ఎవరి దగ్గర ఏ పాత పంపు అమ్మకానికి ఉందో తెలుసుకుంటారు. మీటింగులు లేని జీవితం కోసం వచ్చినవాడు రోజూ ఠంచనుగా హాజరయ్యే మీటింగు ఇది. తర్వాత బ్యాటరీల్లో కరెంటు ఎంత మిగిలిందో చూడాలి. ఉప్పునీటిని సన్నని పొరలోంచి బలవంతాన తోసి మంచినీళ్లు తీసే యంత్రాన్ని బుజ్జగించాలి. అన్నిటికన్నా ముఖ్యం మరుగుదొడ్డి. సముద్రపు నీరు, మూత్రం కలిసి గొట్టాల్లో సున్నంలా గట్టిపడతాయి. దాన్ని వెనిగర్‌తో కరిగించాలి, లేదా గొట్టం ఊడదీసి కొట్టి రాల్చాలి. అందులో ఒక రబ్బరు భాగముంది. దాని అసలు పేరే జోకర్ వాల్వ్. మొన్నటిదాకా సంతకం ఒక్కటే పెట్టిన చేత్తో ఆయన ఆ వాల్వ్ మారుస్తాడు, ఆ సాయంత్రం పక్క పడవవాళ్లకు ఆ కథ గర్వంగా చెబుతాడు. చెప్పుకోవాల్సిందే మరి. ఆఫీసులో ఆయన కదిపిన ఫైళ్ల వల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. ఇక్కడ మాత్రం మీట నొక్కితే నీళ్లు పోతున్నాయి.

కస్టమ్స్ సంగతి ఇంకా బలమైన సాక్ష్యం. ఆంటిగా నుంచి గ్రెనడా దాకా దీవుల వరసలో దిగితే ఆరు దేశాలు తగులుతాయి, గ్వాడెలూప్, మార్టినిక్ రెండూ ఫ్రాన్సువే కాబట్టి ఫ్రాన్సు రెండుసార్లు. ప్రతిచోటా పసుపు జెండా ఎగరేయాలి, పాస్‌పోర్టులూ పడవ కాగితాలూ పట్టుకుని ఒడ్డుకు పోవాలి, అనుమతి వచ్చాక పసుపు జెండా దించి ఆ దేశపు జెండా కట్టాలి. విశ్రాంతి కోరేవాడు ఈ క్యూ చూసి పారిపోవాలి. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని హుషారుగా దిగుతాడు. ఫ్రెంచి దీవుల్లో చాలాచోట్ల ఏ దుకాణంలోనో ఉన్న కంప్యూటర్లో వివరాలు మనమే కొట్టుకుంటే పని అయిపోతుంది. అక్కడే ఆయన మొహం వాడిపోతుంది. దబాయించే అధికారి లేకపోతే ఇక దేశంలో అడుగుపెట్టినట్టేముంది?

ఇంత పనే కావాలంటే ఊళ్లోనే గ్యారేజీ పెట్టుకోవచ్చుగా అని మీరనొచ్చు. కుదరదు, ఎందుకంటే గ్యారేజీలో ఆవిడ అవసరం లేదు. లంగరు వేసేటప్పుడు చూడండి. ఆయన పడవ ముందుకొన దగ్గర గొలుసుతో, ఆవిడ వెనక చుక్కాని దగ్గర. మధ్య గాలి, ఇంజన్ రొద. ఆయన చేతులు తిప్పుతూ అరుస్తాడు, ఆవిడకు వినపడదు; ఆవిడ అడిగింది ఆయనకు వినపడదు. లోతుకు ఐదింతల గొలుసు దిగేలోగా ముప్పై ఏళ్లనాటి తగువులు రెండు పైకొస్తాయి. చుట్టుపక్కల పడవలవాళ్లు రమ్ము గ్లాసులతో కూర్చుని చూస్తుంటారు, ఆ రేవులో సినిమా అదే. తలకు తగిలించుకుని మాట్లాడుకునే హెడ్‌సెట్లను ఈ లోకంలో కాపురం నిలబెట్టే సరుకని పిలవడం ఊరికే కాదు. కానీ లంగరు పట్టుబడ్డాక చూడండి, ఇద్దరి మొహాల్లోనూ ఒకటే తృప్తి. ఇద్దరిలో ఏ ఒక్కరూ లేకుండా జరగని పని, పిల్లలు ఎదిగి వెళ్లిపోయాక, వాళ్లకు మళ్లీ దొరికింది ఇక్కడే. ఆయన్ని కెప్టెన్ అంటారు, ఆవిడను వేళాకోళంగా అడ్మిరల్ అంటారు. వేళాకోళమే అయినా హోదా లెక్క మాత్రం తప్పలేదు.

డబ్బున్నవాళ్ల కష్టాలు ఎవడికి కావాలి అన్నది రెండో ఆక్షేపణ. ఇందులో సగం ఒప్పుకోవాలి. పంపుకు వేలు పోసి, మార్కెట్లో మామిడిపండు దగ్గర బేరమాడే బుద్ధి వీళ్లకుంది. వీళ్ల కష్టానికి తేదీలున్నాయి కూడా: తుఫానుల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది, ఆ నెలల్లో వీళ్లు ఇంటి దగ్గర తోటపనిలో ఉంటారు. 2024 జూలై 1న బెరిల్ తుఫాను కరియకూ దీవి మీద పడ్డప్పుడు రేవుల్లో ఎన్నో పడవలు పోయాయి, అక్కడివాళ్లకైతే ఇళ్లే పోయాయి. ఆ రెండు నష్టాలనూ ఒకే గాటన కట్టకూడదు. అయితే సోమరులనే మాట మాత్రం వీళ్లకు అంటదు.

మీరు అమెరికాలోనో కెనడాలోనో ఉంటూ, ఇలాంటి పొరుగు దంపతులు ఓ వారం పడవలో గడుపుదాం రమ్మంటే తప్పక వెళ్లండి. బట్టలు తక్కువ సర్దుకోండి, లంగరు వేసేటప్పుడు మాత్రం ఎవరి పక్షమూ పట్టకండి. జోకర్ వాల్వ్ మార్చి ఎన్నాళ్లయిందో బయల్దేరే ముందే అడగండి.