గోదారి తల్లికి మా ఎంగిలి గ్లాసులు

పాపికొండలు చూడ్డానికి లాంచీ ఎక్కిన తెలుగువాడికి భక్తీ, ఆకలీ ఒకేసారి పుడతాయి. రేవు దాటగానే గోదారి తల్లికి దండం. ఆ వెంటనే ఉప్మా. ఉప్మా అయ్యాక ఖాళీ ప్లేటు తల్లికే నైవేద్యం.

మా బాబాయి మహా నిష్ఠాపరుడు. గండి పోచమ్మకి కొబ్బరికాయ కొట్టి, బొట్టు చెరక్కుండా లాంచీ ఎక్కాడు. పైన కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగి, ఆ డిస్పోజల్ గ్లాసుని కమ్మీ మీదుగా సుతారంగా వదిలాడు.

"పక్కనే బుట్ట ఉందిగా బాబాయ్?" అన్నాను.

"ఇంత గోదారికి ఒక్క గ్లాసు లెక్కట్రా?" అన్నాడు.

లాంచీలో అందరూ ఆ లెక్కే వేసినట్టున్నారు. వెనక్కి తిరిగి చూస్తే, పెళ్ళివారి వెనక బాజాల వాళ్ళలా గ్లాసులన్నీ మా వెంటే వస్తున్నాయి.

బాబాయిది అమలాపురం. ఈ నీళ్ళు ఎటు పోతాయో ఆయనకి ఒకరు చెప్పాలా? ధవళేశ్వరం దాకా పోతాయి. అక్కడ కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట పుణ్యమా అని కాలవల్లో పడతాయి. కాలవలోంచి కోనసీమ మంచినీళ్ళ చెరువుకి, చెరువులోంచి పిన్ని బిందెలోకి. గ్లాసు గ్లాసులా రాకపోయినా, ఎండకి పెళుసెక్కి, చితికి, పొడై రాదని ఎవరు చెప్పొచ్చారు?

"మనం పారేసింది మనింటికే వస్తుంది బాబాయ్."

"ఫర్వాలేదు, ఫిల్టరు పెట్టించాంలే!"

2022 జూలై 1 నుంచి ఇలాంటి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. మా లాంచీ వరకూ ఆ నిషేధం రేవులోనే దిగిపోయింది. కాగితం గ్లాసే కదా అని ధీమాపడే వాళ్ళకో మాట: దాని లోపలా మామూలుగా పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. లేకపోతే టీ మన ఒళ్ళోనే ఉండేది.

ఇక మైకు. పాపికొండల అడవి 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. పులులు, అడవిదున్నలు తిరిగే చోటు. మైకు కుర్రాడికి అది పట్టలేదు. "రెండు చేతులూ పైకి!" అని అరిచి, పెళ్ళి పందిట్లో కూడా పెట్టని పాటొకటి పెట్టాడు. కొండలు మొహమాటపడి ఆ పాటనే మాకు తిరిగి వినిపించాయి.

"పులి కనిపిస్తుందా బాబూ?" అని ఒకావిడ సరంగుని అడిగింది.

"ఈ పాటకా అమ్మా? దానికీ చెవులుంటాయి కదండీ," అన్నాడాయన, చుక్కాని వదలకుండానే.

పేరంటాలపల్లిలో కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురు పూలు అమ్ముతున్నారు. తురాయిలా పొరలు పొరలుగా చీల్చిన పూలు, సన్నటి పుల్లల మీద. ప్లాస్టిక్ పిసరు లేదు. బాబాయి పావుగంట బేరమాడి రెండు కొన్నాడు. కొని, "కవరేదమ్మా?" అన్నాడు.

ఈసారి మీరు వెళ్ళేటప్పుడు మనిషికో స్టీలు గ్లాసు, ఇంటికో ఖాళీ సంచీ పట్టుకెళ్ళండి. నిండిన సంచీని రేవు దాకా వెనక్కి తెచ్చి చెత్తబుట్టలో వెయ్యండి. రేవులో బుట్ట కనిపించకపోతే టికెట్లమ్మిన వాణ్ణే అడగండి. డబ్బులు ముందే కట్టాం కదా!