యానాం ముద్ర వేసుకున్న స్టాంపు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఫ్రెంచి ఇండియా పేరున్న ఒక ఫ్రాంకు స్టాంపు. అది 'నేను' అనదు, 'ఈ స్టాంపు' అంటుంది. నకిలీ సరుకుకు 'నేను' అనే హక్కు లేదని దాని అభిప్రాయం.

దాని అసలు నమూనా 1892లో వెలువడింది. ఫ్రాన్సు తన వలసలన్నిటికీ ఒకే బొమ్మ వాడింది: నౌకాయానానికీ వాణిజ్యానికీ గుర్తుగా రెండు మూర్తులు. వలస పేరును మాత్రం విడిగా, ఎరుపులోనో నీలంలోనో అచ్చువేశారు. నకిలీ చేసేవాడికి ఇది కలిసొచ్చింది. బొమ్మ ఒకసారి కుదిరితే పేరు మార్చి ఏ వలస స్టాంపైనా తయారు చేయవచ్చు. జెనీవాలో ఫ్రాంస్వా ఫూర్నియే వలస స్టాంపుల నకళ్ళను కేటలాగు వేసి మరీ బాహాటంగా అమ్మాడు. 1917లో అతను పోయాక మిగిలిన సరుకును అక్కడి స్టాంపుల సంఘం 1927లో కొని తగలబెట్టింది. నమూనాలను మాత్రం ఆల్బముల్లో అంటించి దాచింది.

ఈ స్టాంపును పట్టించేది బొమ్మ కాదు, పళ్ళు. పర్ఫొరేషన్ గేజ్ మీద పెట్టి 2 సెంటీమీటర్లకు ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కిస్తారు. అసలు స్టాంపుకు పై అంచున 14, పక్క అంచున 13½ ఉంటాయి. దీనికి పైన 13½, పక్కన 14. తేడా అరరంధ్రమే అయినా తప్పించుకోవడానికి వీల్లేదు. అచ్చు ఎంత చక్కగా దింపినా పళ్ళ దగ్గర యంత్రం తారుమారు చేసింది. భూతద్దంతో బొమ్మను గంటసేపు చూసేవాళ్ళు ఈ కొలత తీయడం మరిచిపోతుంటారు.

రెండో సాక్ష్యం తపాలా ముద్ర. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్, యానాం అయిదింటికీ స్టాంపు ఒకటే కనుక అది ఏ ఊరిదో ముద్రే చెప్పాలి. చుట్టూ బ్రిటిషు గోదావరి జిల్లా, మధ్యలో గౌతమి ఒడ్డున చిన్న యానాం. అక్కడినుంచి వెళ్ళే ఉత్తరాలు తక్కువ, ముద్ర అరుదు, ధర ఎక్కువ. అందుకే దొంగముద్రలు. అందులోనూ ఫ్రాంకు చార్జీ పడేంత బరువైన కవరు యానాం నుంచి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటుంది? ఈ ప్రశ్న వేసుకున్నా సగం అనుమానం మొదలవుతుంది. దొంగముద్ర చేసేవాడికి తేదీలు మార్చే ఓపిక ఉండదు. ఒకే తేదీ, ఒకే వంకర వేర్వేరు స్టాంపుల మీద కనిపిస్తే అది తపాలా కార్యాలయంలో పడింది కాదు. కవరుమీదే ఉన్న స్టాంపైతే ముద్ర స్టాంపు దాటి కాగితం మీదికి పాకాలి.

ఆల్బములో పక్క పేజీలో ఉన్న బంధువులకు వేరే పరీక్ష. 1923లో ఫ్రెంచి ఇండియా ఫనాలు, కాసుల లెక్కకు మారింది. రూపాయికి 8 ఫనాలు, ఫనానికి 24 కాసులు. పాత స్టాంపుల మీదే కొత్త విలువ అచ్చు వేశారు. 1940లో వలస దగోల్ పక్షం చేరాక 1941 నుంచి 'స్వేచ్ఛా ఫ్రాన్సు' అని పైముద్ర పడింది. అడుగు స్టాంపు చవక, పైముద్రే ఖరీదు. కాబట్టి చూడాల్సింది సిరాల వరస: తపాలా ముద్ర మీద పైముద్ర ఎక్కి ఉంటే, వాడేసిన స్టాంపు మీద ఎవరో తర్వాత గుద్దినట్టే. తలకిందులుగా పడిన పైముద్ర మాత్రం ప్రెస్సు పొరపాటు కావచ్చు. వింతగా ఉన్నంతమాత్రాన నకిలీ కాదు.

అతినీలలోహిత దీపం కింద 1950ల తర్వాతి కాగితం చాలావరకు నీలంగా మెరుస్తుంది. పాత నకిలీలు మెరవవు. ఈ స్టాంపు కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది. దీపాన్ని ఒక్కదాన్నే నమ్మేవాళ్ళు దీన్ని అసలుదనే అనుకుంటారు.

యానాంలో ఫ్రెంచి పాలన 1954 జూన్ 13న ముగిసింది. ఆ తర్వాతి తేదీతో ఫ్రెంచి ముద్ర కనిపిస్తే మళ్ళీ పరీక్షించాలి. నకిలీ అని తేలిన స్టాంపును అసలుదాని పక్కన పోలికకు ఉంచుకోవచ్చు. అమ్మితే వెనక పెన్సిలుతో 'నకిలీ' అని రాసి అమ్మాలి.