సగం మొహానికే సీరమ్ రాయండి

పెప్టైడ్ సీరమ్ కొన్న రోజే మొహమంతా పులుముకోకండి. అలా రాస్తే పనిచేసిందో లేదో తేల్చడానికి పోలిక మిగలదు. ముక్కుకి ఒకవైపు సీరమ్, రెండోవైపు ఉత్త మాయిశ్చరైజర్. పన్నెండు వారాలు ఇలాగే సాగాలి.

2005లో అచ్చయిన ఒక పరీక్షలో 35 నుంచి 55 ఏళ్ల లోపు ఆడవాళ్లు 93 మంది ఇలాగే 12 వారాలు రాసుకున్నారు. అందులో వాడిన పాల్మిటోయిల్ పెంటాపెప్టైడ్ పది లక్షల్లో మూడు పాళ్లే. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్‌కి ముందు రూపమైన ప్రోకొలాజెన్‌లో ఉండే అయిదు అమైనో ఆమ్లాల ముక్కకి కొవ్వు ఆమ్లం తగిలించి చేసిన పదార్థం అది. ప్రయోగశాలలో ఆ ముక్క తగిలితే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొత్త కొలాజెన్ ఎక్కువ చేశాయి. మొహం మీద ముడతల్లో వచ్చిన తేడా మాత్రం చిన్నది. చిన్నది కాబట్టే మీకు పట్టుదల కావాలి.

సీరమ్, మాయిశ్చరైజర్ రెండూ ఒకేలాంటి సీసాల్లో మీ ఆయన చేతే పోయించండి. ఏది ఏదో కాగితం మీద రాసి బీరువాలో పెట్టి తాళం ఆయన దగ్గరే ఉంచుకోవాలి. అత్తగారు అడిగినా, పండగొచ్చినా చెప్పకూడదు.

అసలు శత్రువు ఎండ. కొలాజెన్‌ని తెంపే యూవీ-ఏ కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒకాయన మొహం ఎడమవైపే ముడతలు పడిపోయిన ఫొటో 2012లో వైద్యపత్రికలో వచ్చింది. మన దగ్గర డ్రైవరుకి కిటికీ కుడివైపు. అంచేత ఈ మూడు నెలలూ కారు నడపడం మానేయండి, పిల్లల్ని బడికి ఆయనే దింపుతారు. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో వెళ్తే సూర్యాపేట దగ్గర ఆగినప్పుడు అవతలి వరసవాళ్లని బతిమాలి సీటు మార్చుకోండి. రెండు చెంపలకీ ఎండ సమానంగా పడాలి. సన్‌స్క్రీన్ రెండువైపులా ఒకే కొలత. రాత్రి వెల్లకిలా పడుకోండి, పక్కకి తిరిగితే దిండు ఒక చెంపనే నొక్కుతుంది.

తీర్పు చెప్పడానికి తోడికోడలిని మించినవాళ్లు లేరు. మొదటిరోజు ఫొటో తీసిన ట్యూబ్‌లైటు కిందే కూర్చోబెట్టి చూపించండి.

మధ్యలో చుట్టాల పెళ్లి వస్తే వెళ్లండి, ఫేషియల్ మాత్రం వద్దు. పెళ్లి మీ ఇంట్లోదే అయితే పన్నెండు వారాలు దాటాక ముహూర్తం పెట్టించండి. నలుగు పెడితే రెండు చెంపల లెక్కా చెడిపోతుంది.

తోడికోడలికి తేడా కనిపించకపోతే వైపులు మార్చి మళ్లీ పన్నెండు వారాలు రాయండి.